బోడెమ్మ దిగిన చోటు

కొండచరియ మీద నలభై రాబందులు కాపురం ఉండేవి. వాటిలో పెద్దది బోడెమ్మ. బోడితల, ముడతల మెడ, దగ్గరికొస్తే కంపు. అడవిలో అందరూ మొహం తిప్పుకునేవారు. చచ్చిన గొడ్డును పూటలో ఎముకలు చేసి వాగును శుభ్రంగా ఉంచేది మాత్రం ఆ నలభయ్యే.

ఒక పొద్దున ముసలి ఎద్దు కుంటుకుంటూ చరియ కిందికొచ్చింది.

"బోడెమ్మా, నాకు ఆయువు చెల్లింది. నన్ను ముట్టకండి. కాళ్లనొప్పులకని మా రైతు నాకు సూదులు వేయించాడు. ఆ మందు మీకు విషం. మా ఊరి దగ్గర నా జతగాణ్ణి తిన్న రాబందులన్నీ చచ్చాయి."

"చచ్చేముందు మా సంగతి తలచినవాడివి నువ్వొక్కడివే నాయనా," అంది బోడెమ్మ.

ఎద్దు వాగు ఒడ్డున ఒరిగిపోయింది. మిగతా రాబందులేమో తిండి వెతుక్కుంటూ ఆకాశంలో తలో దిక్కూ ఉన్నాయి. ఎద్దు కంటబడితే వాలిపోతాయని బోడెమ్మకు తెలుసు. జింక దగ్గరికి పరుగెత్తింది.

"నేను మావాళ్లందరికీ విషం సంగతి చెప్పొచ్చేదాకా మీ మంద ఎద్దు చుట్టూ నిలబడితే ఎవరూ దిగరు తల్లీ."

"నిన్ను చూస్తే మా పిల్లలు దడుసుకుంటారు. వెళ్లు."

నెమలిని అడిగింది. "నీ పక్కన నిలబడితే నా పరువేం కాను?" అంది నెమలి.

ఇదంతా నక్క విన్నది. రాబందులు పోతే అడవిలో ప్రతి పీనుగూ తనదే కదా!

"వాళ్ల కాళ్లు పట్టుకోవడం దేనికత్తా? నువ్వే ఎద్దు పక్కన దిగి, వచ్చినవాళ్లను వచ్చినట్టే తరుము. పెద్దదానివి, నీ మాట కాదంటారా?"

గాభరాలో బోడెమ్మకు బుర్ర పనిచెయ్యలేదు. దిగింది. రాబందుల్లో ఒకటి దిగిందంటే అక్కడ తిండి ఉన్నట్టే లెక్క. అది చూసి ముప్పైతొమ్మిదీ వచ్చి వాలాయి.

"తినకండి, విషం," అని రెక్కలు చాచి అడ్డం పడింది.

"విషమైతే నువ్వెందుకు దిగావు పెద్దమ్మా?" అన్నాడు చెల్లెలి కొడుకు, ఆమెను పక్కకు తోసి.

ఆమె రెక్కల మీదుగా అన్నీ ఎద్దు మీద పడ్డాయి.

మూడు రోజుల్లో చరియ మీద మెడలు వాలిపోయాయి. బోడెమ్మ ఒక్కొక్క మెడనూ ముక్కుతో ఎత్తి చూసింది. ఒక్కటీ నిలబడలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

నక్క నెల రోజులు పండగ చేసుకుంది. ఎండలు ముదిరి గొడ్లు వరసగా చచ్చాయి. ఒక్క నక్క ఎంతని తింటుంది? ఆ కంపుకు ఊరకుక్కలు గుంపులుగా వచ్చి పడి, దాని చెవి చీరి బొరియలోంచి తరిమాయి. కుళ్లిన వాగునీళ్లు తాగి జింకపిల్లలు చచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడొచ్చింది జింక.

"మీవాళ్లను పిలవవా బోడెమ్మా?"

"ఎవర్ని పిలవను తల్లీ?"

వెనకే నక్క వగరుస్తూ వచ్చింది. "అత్తా, కుక్కలు వస్తున్నాయి. కాస్త చోటియ్యి."

"నిన్ను తిట్టే ఓపిక కూడా లేదురా. చరియంతా ఖాళీయే. ఎక్కగలిగితే ఎక్కు."

నక్క గోళ్లతో రాయిని గీరింది, జారింది, మళ్లీ గీరింది. అంతలో కుక్కలు రానే వచ్చాయి. బోడెమ్మ అటు చూడను కూడా లేదు.

అందం లేదని వదిలేసిన ప్రాణం విలువ, అది పోయి అడవంతా కుళ్లితేగానీ తెలియదు.