పీత చేసిన పారణ

ఆషాఢ బహుళ ఏకాదశి, మంగళవారం, పొద్దున్న ఎనిమిదీ ఇరవై. మా మరిది విద్యాధర్ హాల్లో గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చుని, "వదినా, మూడో నత్త కూడా పోయింది" అన్నాడు. ఖాళీ గుల్ల అడుగున బోర్లాపడి ఉంది. అందులోకి తల దూర్చి, వేలెడు పొడుగున్న ముళ్లపురుగొకటి తాపీగా ఏదో ఏరుకుని తింటోంది.

తొట్టి సంగతి కొంచెం చెప్పాలి. కాకినాడలో మా ఫ్లాటుకి సముద్రం ఆరు కిలోమీటర్లు. అది చాలదన్నట్టు మా మరిది ఉప్పు కలిపిన నీళ్లతో ఇంకో సముద్రాన్ని సోఫా పక్కన పెట్టుకున్నాడు. అందులో పగడాలు, రెండు చేపలు, ఒక రొయ్య, పాచి తినడానికి ఐదు నత్తలు. ఇరవై రోజుల క్రితం బొరియలున్న సముద్రపు రాయి ఒకటి తెచ్చి దింపాడు. ఆ బొరియల్లో దాక్కుని, ఎవరూ పిలవకుండా ఎవరెవరు వచ్చారో దేవుడికే తెలియాలి. పురుగు ఫోటో తీసి ఇలాంటి తొట్లు పెట్టుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒకాయన విషమన్నాడు, ఒకాయన అదృష్టమన్నాడు, ఇంకొకాయన అమ్ముతారా అని అడిగాడు.

"చంపింది ఇదే. పట్టుకారుతో లాగి పారేస్తాను" అన్నాడు మరిది.

మా అత్తగారు జపం మధ్యలో ఆపి, "ఇవాళ ఏకాదశిరా నాన్నా. ప్రాణం తియ్యకూడదు. ఆ తొట్లోవాళ్లకీ మేత వెయ్యకు. ఒక్కరోజు ఉపవాసముంటే ఆ పుణ్యమేదో వాటికీ వస్తుంది" అన్నారు. రోజూ వేసే గుళికల్లో ఏముంటుందో ఆవిడ అడగరు, మేము చెప్పం.

అమ్మ మాట కాదనలేక మరిది మధ్యాహ్నం ఒక నీళ్లసీసా మెడ కోసి, దాన్ని తిరగేసి సీసాలోకే దోపి, రాయి కట్టి అడుగున పడుకోబెట్టాడు. "రేపు పారణ వేళకి మేత ఇందులోనే వేస్తాను. పురుగు ఆకలికి దూరుతుంది, మళ్లీ బయటికి రాలేదు. అప్పుడు తీసి ఎండలో పారేస్తాను."

ఆ తరవాతి మాటలు తొట్లోవాళ్లవి. మీకెలా వినబడ్డాయమ్మా అంటారేమో. ఏకాదశినాడు ఖాళీ కడుపుతో కూర్చున్నవాళ్లకి చెవులు కొంచెం ఎక్కువగానే పనిచేస్తాయి.

సాయంత్రం నాలుగింటికి పగడాల దగ్గర పంచాయితీ పెట్టారు. పంచాయితీ పెద్ద నారింజ చారల చేప. అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ మొగుడు ఆవిడలో సగముంటాడు. ఆవిడ మాటకి తోక ఊపడమే ఆయన ఉద్యోగం.

"ఒరే ముళ్లోడా, మూడు గుల్లల్లోనూ నీ తలే కనిపించింది. ఇంకేం సాక్ష్యం కావాలిరా?"

"నేను వెళ్లేసరికే వాళ్లు పోయారు పెద్దమ్మా" అన్నాడు పురుగు. "మిగిలింది కుళ్లకుండా ఎత్తిపోయడం మా పని. అది చెయ్యకపోతే ఈ నీళ్లలో మీరంతా ముక్కులు మూసుకుని తిరగాలి."

"మూసుకోడానికి మాకు చేతులేవిరా? తెలివితక్కువ మాటలూ నువ్వూ."

మిగిలిన రెండు నత్తలు అద్దం పైఅంచుకి అతుక్కుని ఉన్నాయి. "చంపిందెవరో మీరు నిదానంగా తేల్చుకోండి. తరవాతి వంతు మాది కాకుండా మాత్రం చూడండి" అంది వాటిలో పెద్దది.

అప్పుడు రాయి పైబొరియ చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది. అదే రాయిలో వచ్చిన పీత. మా ఇంట్లో ఒక్క మనిషికీ వాడు కనపడిన పాపాన పోలేదు. మధ్యాహ్నమంతా లోపల గుర్రుపెట్టి నిద్రపోయి అప్పుడే లేచాడు. సీసా దిగిన సంగతి గానీ, మా మరిది అన్న మాట గానీ ఎరగడు.

"ఒకరి మీద చెప్పడం నాకు అలవాటు లేదు పెద్దమ్మా" అన్నాడు. "అలాగని కళ్లు మూసుకోలేం కదా. మూడుసార్లూ వీడే పాక్కుంటూ వెళ్లాడు. నేనంటారా, పాచి మీద బతికేవాణ్ణి. ఇవాళ అదీ ముట్టలేదు. ఏకాదశి."

"సంస్కారమంటే అదీ" అంది పెద్దమ్మ. మొగుడు తోక ఊపాడు.

రొయ్యక్క ఓ పక్కన ఉండి ఇదంతా వింటోంది. చేపల నోళ్లలోకి దూరి పాచిపళ్లు తోమడం ఆవిడ వృత్తి. తొట్లో ఎవరేం తిన్నారో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. పీతబావ ఒక్కడే ఎన్నిసార్లు అడిగినా, మొహమాటమక్కా అంటూ నోరు తిప్పుకునేవాడు. పైగా ఉపవాసమున్నవాడి గొంతు ఇంత నిండుగా ఉండటం ఆవిడ ఎక్కడా వినలేదు.

"ఒక మాట పెద్దమ్మా" అంది. "ఇవాళ అందరివీ ఖాళీ కడుపులు. నత్తని మింగినవాడికి మాత్రం రేపటికీ అరగదు. రేపు మేత పడగానే ఈ రాయివాళ్లిద్దరిలో ఎవరు ముందు వెళ్లి తింటే వాడు ఆకలిగొన్నవాడు. వెనకబడ్డవాడు తిన్నవాడు. సరేనా?"

మేత పడేది సీసాలోనని పెద్దమ్మకి తెలుసు. మంచివాణ్ణని చూపించుకోడానికి పురుగే పరిగెత్తుకెళ్లి దూరతాడు, పీడ వదిలిపోతుంది అనుకుంది. "తీర్పంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకుంది.

"నాకేం అభ్యంతరం. ముందు నేనే ఉంటాను" అన్నాడు పీతబావ.

అందరూ చెదిరిపోయాక పురుగు రొయ్యక్క దగ్గరికి వచ్చాడు. "నువ్వూ వాళ్లతో కలిశావా అక్కా? దూరితే సీసా, దూరకపోతే దొంగ. నేనెలా బతకాలి?"

"ఆకలి ఓర్చుకోగలవా?"

"పుట్టినప్పటినుంచీ చేస్తున్నది అదే."

"అయితే రేపు నీ బొరియ గుమ్మం దాటకు. కొంచెం కదులు, అంతే. మిగతాది బావ చూసుకుంటాడు."

ద్వాదశి పొద్దున్న ఆరూ పదికి మా మరిది గొట్టంతో గుళికలు సీసాలోకి వదిలాడు. రెండు మూడు బయట పడ్డాయి. ఆ వాసన తగలగానే పురుగు గుమ్మం వైపు పాకాడు. తల గుమ్మంలోంచి ముందుకొచ్చింది. గోరంత. ఇంకో గోరంత. రొయ్యక్క మీసాలు కదపకుండా చూస్తోంది. పురుగు కళ్లు మూసుకుని అక్కడే ఆగాడు.

పైబొరియలోంచి పీతబావ ఆ కదలిక చూశాడు. వీడు ముందెళితే నేను దొంగనైపోతాను అనుకున్నాడు. వెలుగుందనీ, అద్దం అవతల మనుషులున్నారనీ మరిచిపోయి, బొచ్చుకాళ్లన్నీ ఒక్కసారి వేసి అడ్డంగా దూకాడు. సీసా మూతిలోంచి జర్రున లోపల పడ్డాడు. పడగానే ఒక గుళిక ఎత్తి అందరికీ చూపించాడు.

"తిను బావా, మొహమాటపడకు" అంది రొయ్యక్క.

నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అది దిగలేదు. కాసేపటికి మెల్లగా బయటికి జారింది.

"ఉపవాసం కదా, ఒక్కసారిగా తినకూడదంటారు" అన్నాడు.

"నిజమే. అంత పరిగెత్తుకొచ్చావు, నిదానంగానే తిను. ఇంక నీకు వేరే పనేముంది?"

అప్పుడు వెనక్కి తిరిగాడు. వచ్చిన దారి సీసా మధ్యలో, కాళ్లకి అందకుండా వేలాడుతున్నట్టుంది. నున్నటి ప్లాస్టిక్కు మీద కాళ్లు నిలవడం లేదు. తన్నుకుంటుంటే కాలి బొచ్చులోంచి గోధుమరంగు బిళ్లొకటి ఊడి పడింది. నత్త ఇంట్లోకి వెళ్లి మూసుకునే తలుపు అది.

పైనుంచి పెద్దనత్త చాలాసేపు చూసింది. "అది మా చెల్లెలిది" అంది.

పెద్దమ్మ, "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఆ బొచ్చు చూసే" అంది. మొగుడు తోక ఊపాడు.

పురుగు గుమ్మంలోంచి, "బయట పడ్డవి నేను తినొచ్చా పెద్దమ్మా?" అని అడిగాడు.

"ఆకలేస్తే తిను. నిన్నెవరు ఆపారు?" అంది పెద్దమ్మ, తనకి పళ్లు శుభ్రం చేయించుకునే వేళైందని రొయ్యక్క వైపు తిరుగుతూ.

తిన్నమాట ఒప్పుకోలేనివాడు, ఆకలి చూపించుకోడానికి బోనులోకైనా దూరతాడు.

మా మరిది సీసా పైకెత్తి, పీతనీ, అడుగున ఉన్న బిళ్లనీ చూసి, కాసేపు తల గోక్కుని, పట్టుకారు తీసుకెళ్లి వంటింట్లో పెట్టేశాడు. పీతని చంపడానికి అత్తగారు ఒప్పుకోలేదు. పాత ప్లాస్టిక్ టబ్బులో ఉప్పునీళ్లు పోసి, గాలి మోటారు పెట్టి, బాల్కనీలో దానికి వేరే కాపురం పెట్టించారు. మేమింకా పారణకి కూర్చోలేదు. ఆవిడ ముందు టబ్బు దగ్గరికి వెళ్లి, నాలుగు గుళికలు తన చేత్తోనే వేసి, "తిను నాయనా, నిన్నంతా ఉపవాసమున్నావు" అన్నారు.