అమ్మ వీపు మీద చోటు

అనగనగా ఒక అడవి. అడవి అన్నాను గానీ పిల్లలూ, నేను ఏ అడవీ చూడలేదు. వీధికుక్క గుర్రుమంటే గోడెక్కే మనిషిని. అయినా ఎలుగుబంట్ల కథ చెబుతున్నాను. ధైర్యం లేకపోతేనేం, నోరుంది కదా.

ఆ అడవిలో పుట్టమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. దాని కూతురు జుంటి. ఎలుగుబంట్లకు ఒక అలవాటుంది. తల్లి కూలబడుతుంది. పిల్ల వీపెక్కి బొచ్చు గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు తల్లి లేచి నడుస్తుంది. జుంటి అలా ఊరేగుతూనే పెరిగింది.

పుట్టమ్మకు ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు గుహ దారి మరిచిపోయింది. తరవాత తిన్నదీ లేనిదీ మరిచిపోయింది. చివరికి జుంటి పెద్దదయిందన్న సంగతే మరిచిపోయింది. జుంటి తిండికోసం బయటికి వెళ్ళక తప్పదు. వెళితే తల్లి తప్పిపోతోంది. అందుకని వాగు అవతల ఉన్న ముసలివాళ్ళ కోనలో తల్లిని చేర్చింది. మతి తప్పిన పెద్ద జంతువులను అక్కడ కొండముచ్చులు చూసుకుంటాయి. చెట్టెక్కి కూర్చుంటే ఎవరెటు పోతున్నారో ఇట్టే తెలుస్తుంది.

ఒకరోజు జుంటి ఇప్పపూలు పట్టుకుని తల్లిని చూడబోయింది. తీరా చూస్తే, పుట్టమ్మ వీపు మీద గంతులక్క అనే కొండముచ్చు దర్జాగా కూర్చుని ఉంది.

"గట్టిగా పట్టుకున్నావా జుంటీ?" అంటోంది పుట్టమ్మ.

"పట్టుకున్నానమ్మా, పద," అంటోంది గంతులక్క.

జుంటికి ఒళ్ళు మండిపోయింది. పేరు తనది. వీపు తన అమ్మది. ఎక్కి కూర్చున్నది మాత్రం మూరెడు తోక వేలాడేసుకున్న పరాయిది.

"దిగు," అంది జుంటి.

"నెమ్మది చెల్లీ," అంది గంతులక్క. "వీపు మీద పిల్ల ఉంటే పెద్దమ్మకు దిగులుండదు. లేకపోతే వెతుక్కుంటూ పోతుంది. ముసలివాళ్ళు ఏ కాలంలో ఉంటే ఆ కాలంలోకే వెళ్ళి పలకరించాలి. అది మా కోన పద్ధతి."

"మా అమ్మకు పిల్లను నేనున్నాను. నీ పద్ధతి నీ తోకకు చుట్టుకో."

అలా అని, తల్లికి ఇప్పపూలు చూపించి ఆశపెడుతూ, వెనకనుంచి నెడుతూ, జుంటి ఇంటికి తెచ్చేసుకుంది.

గుహ ముందు పుట్టమ్మ కూలబడింది. కూతురిని ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా నువ్వు? కాస్త పక్కకు జరుగు. మా పిల్ల వచ్చే వేళయింది."

"నేనేనమ్మా జుంటిని."

"నువ్వా? నా జుంటి నీ కాలంత ఉండదు. అంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని అబద్ధాలాడకూడదమ్మా."

జుంటికి మళ్ళీ అసూయ పుట్టింది. ఈసారి కొండముచ్చు మీద కాదు. చిన్నప్పటి తన మీదే.

మర్నాడు జుంటి చెదలు తవ్వుకు రావడానికి వెళ్ళింది. పుట్టమ్మ పిల్లను వెతుక్కుంటూ బయలుదేరింది. దారిలో ఒక మొద్దు కనబడితే, దాని ముందు కూలబడి "ఎక్కు తల్లీ" అంది. మొద్దు ఎక్కలేదు. తరవాత ముళ్ళపంది కనబడితే "నువ్వయినా ఎక్కు" అంది. "నేనెక్కితే నీ వీపుకు మంచిది కాదు పెద్దమ్మా" అని అది తప్పుకుంది. చివరికి వాగు మధ్యలో నల్లరాయి కనబడింది. పుట్టమ్మ నీళ్ళలోకి దిగి, దాని ముందు కూలబడింది.

పైన కొండల్లో వాన. జుంటి వెతుక్కుంటూ వచ్చేసరికి తల్లి మెడదాకా నీళ్ళొచ్చాయి.

"అమ్మా, లే," అని చెయ్యి పట్టి లాగింది.

పుట్టమ్మ గోళ్ళతో రక్కింది. "పిల్లను నీళ్ళలో వదిలేసి రమ్మంటావా? అసలు నీకు తల్లి మనసు తెలుసా?"

అవతలి గట్టున చెట్టుకొమ్మ ఊగింది. గంతులక్క. "నేను రానా చెల్లీ?"

రమ్మనడం కన్నా వాగంతా తాగేయడమే తేలికనిపించింది జుంటికి. నీళ్ళు తల్లి గడ్డానికి తగిలాయి.

"రా అక్కా," అంది. "ఎక్కు."

గంతులక్క ఒక్క దూకు దూకి వీపెక్కింది. "ఎక్కానమ్మా, పద."

"ఇంతసేపూ ఎక్కడికి పోయావు జుంటీ?" అని విసుక్కుంటూ పుట్టమ్మ లేచి, గట్టెక్కింది.

"గుహకు పోదామంటే గుహకే నడిపిస్తాను. చెప్పు," అంది గంతులక్క.

గుహలో అయితే అమ్మ తనొక్కదానిదే. కానీ తను తిండికి వెళితే, అమ్మ ఎటు పోతోందో చూడడానికి అక్కడ చెట్టు మీద ఎవరూ ఉండరు.

"కోనకే," అంది జుంటి.

అప్పటినుంచి పని కాగానే జుంటి రోజూ కోనకు వెళ్ళేది. తల్లి పక్కనే నడిచేది. అసూయ పోయిందా అంటారా? పోలేదు. కళ్ళముందు ఆ తోక ఊగినప్పుడల్లా జుంటికి పళ్ళు నూరాలనిపించేది. నూరుకుంటూనే నడిచేది.

ఒకరోజు పుట్టమ్మ ఆగి అడిగింది. "రోజూ వస్తావు, పాపం. నీకు అమ్మ లేదా?"

జుంటి తలెత్తి గంతులక్కను చూసింది. గంతులక్క మొహం తిప్పుకుంది.

"ఉందమ్మా. చంటిపిల్లతో తీరిక లేకుండా ఉంది."

"చంటిపిల్లంటే అంతే మరి," అంది పుట్టమ్మ. "ఆవిడకు తీరికయ్యేదాకా నా పక్కన నడువు."

నీతి: మతి తప్పిన తల్లిని ఎక్కడ ఉంచాలో ఆమె నెమ్మదిని చూసి తేల్చుకోవాలి, మన అసూయను అడిగితే అది తనకు నచ్చిన చోటే చెబుతుంది.