మూడు పెడళ్ళ కారు, ముగ్గురు అన్నదమ్ములు

తెలివిలో తమ ఇంటిని మించిన ఇల్లు గొట్టిపెంటలోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదని బొంతా వారి అన్నదమ్ములు ముగ్గురూ టీ కొట్టు దగ్గర రోజూ చెప్పుకునేవాళ్ళు. పెద్దాడు వీరభద్రుడు, నడిమివాడు బసవయ్య, చిన్నాడు చెంచయ్య. అంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందంటే, తండ్రి ఇచ్చిపోయింది. ఆయన పోతూ పోతూ, "ఒరే, ఏ పనైనా ముగ్గురూ సమంగా పంచుకోండి" అన్నాడు. కలిసి బతకమని ఆయన భావం. భావం ఎవరిక్కావాలి? ముగ్గురూ మాటను పట్టుకున్నారు.

అప్పటినుంచి బావిలో చేద వేయడం పెద్దాడి వంతు, తోడటం నడిమివాడి వంతు, బిందెలో పోయడం చిన్నాడి వంతు. ఒకసారి ఇంట్లో దొంగ పడ్డాడు. దొంగను చూడటం చెంచయ్య వంతు, అరవడం బసవయ్య వంతు, పట్టుకోవడం వీరభద్రుడి వంతు. ఆ రోజు వీరభద్రుడు ఊళ్ళో లేడు. చెంచయ్య చూశాడు. బసవయ్య అరిచాడు. అంతే. దొంగ ఇత్తడి బిందెలు చంకన పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసి మరీ వెళ్ళాడు.

"ఎవడి పని వాడు చేశాం. మన తప్పేం లేదు" అనుకుని ముగ్గురూ హాయిగా నిద్రపోయారు.

ఇలాంటి ఇంటికి పిల్లనెవరిస్తారు? వీరభద్రుడి మీసంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. పక్కింట్లో బాజాలు మోగితే అతను గొడ్ల పాకలోకి పోయి కూర్చునేవాడు. చివరికి మేనమామ పిచ్చయ్య నానా తంటాలు పడి ఒక సంబంధం తెచ్చాడు. పేరు పిచ్చయ్య గానీ, ఆ వంశంలో బుర్ర ఉన్నవాడు ఆయనొక్కడే.

"ఒరే భద్రుడూ, పిల్ల పేరు శేషారత్నం. పని తెలిసిన పిల్ల, మాట తీరున్న పిల్ల. ఇది తప్పిందంటే ఈ జన్మకు నీకు పెళ్ళి లేదు. ముహూర్తం పొద్దున్నే. కాస్త వేగంగా పోయే బండి చూసుకుని రండి" అన్నాడు.

జీపు మాట్లాడుకోండని ఆయన ఉద్దేశం. ఇంకేముంది, అన్నదమ్ములు లోకంలో అన్నిటికంటే వేగంగా పోయే బండి ఏదని అడుగుతూ పట్నం పోయారు. ఆ ఏడు మిరప పంట కలిసొచ్చింది. కష్టపడి పండించిన సొమ్ము కళ్ళు మూసుకుని తగలేయడానికి మన మనుషులకు ఒకరు నేర్పాలా? నేలకు జానెడెత్తున, రెండే సీట్లతో, ఎర్రగా నిగనిగలాడే స్పోర్ట్స్ కారు ముందు నిలబడ్డారు.

షోరూం ఆయన నవ్వుతూ వచ్చాడు. "సార్, ఇందులో రెండు రకాలు. మాన్యువల్ అయితే గేర్లు మీరే మార్చుకోవాలి, నడిపిన మజా ఉంటుంది. ఆటోమేటిక్ అయితే గేర్ల సంగతి బండే చూసుకుంటుంది. మీరు హాయిగా కూర్చోవడమే."

అంతే. చెంచయ్య ఆటోమేటిక్ కారులో దూరి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏం చేస్తున్నారు సార్?"

"హాయిగా కూర్చున్నా. ఇంకా కదలదేం?"

"స్టార్ట్ చేయాలి సార్. స్టీరింగ్ పట్టుకోవాలి, రోడ్డు చూసుకోవాలి."

"ఇంత చాకిరీ ఉంటే హాయి ఎక్కడుందయ్యా? అబద్ధాలు చెప్పి అమ్ముతున్నారా?"

ఈలోగా వీరభద్రుడు వంగి లోపలికి తొంగి చూసి గతుక్కుమన్నాడు. "ఇందులో తొక్కేవి రెండే ఉన్నాయేం?"

"ఆటోమేటిక్‌కి క్లచ్ ఉండదు సార్. బ్రేకు, యాక్సిలరేటర్, అంతే."

"రెండే అయితే మాలో ఒకడి వాటా ఏమైనట్టు?" అన్నాడు బసవయ్య గొంతు పెంచి. "అన్నదమ్ముల మధ్య తగాదా పెట్టే బండి మాకొద్దు. ఆ రెండోదాన్లో ఎన్ని?"

"మూడు సార్."

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. షోరూం ఆయన కంగారుపడ్డాడు. "మూడూ ఒక్క మనిషే తొక్కాలి సార్!"

వీరభద్రుడు జాలిగా చూశాడు. "పెడళ్ళు మూడు, మనిషికి కాళ్ళు రెండు. చదువుకున్నవాడివి, ఆ మాత్రం లెక్క రాదా నాయనా?"

ఆయన బిల్లు పుస్తకం తీశాడు. మూర్ఖుడి లెక్కకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

షోరూం డ్రైవరు కారును ఇంటిదాకా తోలుకొచ్చి, తాళం ఇస్తూ, "కొత్త బండి. కొన్నాళ్ళు చంటిబిడ్డలా చూసుకోండి" అని చెప్పి పోయాడు. ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే పెద్దాడు కారుకు నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టాడు. నడిమివాడు అద్దాలు మూసి లోపల సాంబ్రాణి పొగ వేశాడు. చిన్నాడు ముందు దీపాలకు కాటుక పెట్టి, ఉగ్గుగిన్నెతో పెట్రోలు ట్యాంకులో ఆముదం పట్టాడు. తాళం తిప్పితే కారు ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది.

"అయ్యో, పడిశం పట్టింది. తలంటినాక తుడవలేదురా మీరు!" అని పెద్దాడు తమ్ముళ్ళను తిట్టి, ఇంజను మీద వెచ్చటి తమలపాకులు పరిచాడు.

మెకానిక్కు వచ్చి, ఆముదమంతా కక్కించి, తలపట్టుకుని వెళ్ళాడు.

పెళ్ళిరోజు వచ్చింది. పంపకం మొదలైంది. బసవయ్యకు క్లచ్, దానికి తోడు గేరు కర్ర. వీరభద్రుడికి బ్రేకు, స్టీరింగు. చెంచయ్యకు యాక్సిలరేటర్, అదీ చేత్తో. మరి అతని రెండో చేతికి? హారన్ ఇచ్చారు. లేకపోతే అన్యాయం కదా! రెండు సీట్లలో అన్నలిద్దరూ కూర్చున్నారు. బసవయ్య పక్క సీట్లోంచి కాలు చాపి క్లచ్ మీద పెట్టాడు. చెంచయ్య పెద్దన్న కాళ్ళ మధ్య బోర్లా పడుకుని, ఒక చేత్తో యాక్సిలరేటర్ నొక్కుతూ, రెండో చెయ్యి పైకి చాపి తడిమి తడిమి హారన్ కొడుతున్నాడు.

"క్లచ్ తొక్కు! గేరు వెయ్యి! చిన్నాడా, నొక్కు!" అన్నాడు పెళ్ళికొడుకు.

బసవయ్య తొక్కాడు, గేరు వేశాడు. చెంచయ్య నొక్కాడు. కారు ఊరంతా లేచేట్టు అరిచింది. తొక్కిన కాలు తియ్యమని ఎవరూ చెప్పలేదు గనక బసవయ్య తియ్యలేదు. కారు కదల్లేదు.

"ఏం వేగంరా!" అన్నాడు వీరభద్రుడు, స్టీరింగు బిగించి పట్టుకుని. "చెట్లు కూడా మనతో సమానంగా పరిగెడుతున్నాయి!"

"నాకేం కనపడటం లేదన్నా. ఎంత దూరం వచ్చాం?" అన్నాడు కిందనుంచి చెంచయ్య.

"మన ఇంటిలాంటి ఇల్లే ఇక్కడా ఒకటుంది. పక్క జిల్లా అయ్యుంటుంది."

మేకలు తోలుకుపోతున్న ఎంకాయమ్మ ఆగి కిటికీలోంచి చూసింది. "ఏం నాయనా, పెళ్ళికొడుకు వేషం కట్టి ఇంటిముందే తపస్సా? ఆ క్లచ్ మీద కాలు తియ్యవయ్యా నడిమోడా!"

బసవయ్య టక్కున తీశాడు. అంతే. కారు ఎగిరి గంతేసింది. ఎంకాయమ్మ మేకలు తలోవైపు లగెత్తాయి. రోడ్డు వంపు తిరిగింది, కారు తిరగలేదు. ఎదురుగా మిరపకాయల కల్లం.

"బ్రేకు వెయ్యన్నా!" అని అరిచాడు బసవయ్య.

"వేశానురా! చిన్నాడా, నువ్వు వదులు!"

"ఇందాక నొక్కమన్నావు, ఇప్పుడు వదలమంటావు. పెద్దాడివి, ఒక మాట మీద నిలబడన్నా!" అన్నాడు చెంచయ్య, ఇంకా గట్టిగా నొక్కుతూ.

కారు మిరపకాయల గుట్టలో ముక్కుదాకా కూరుకుపోయి ఆగింది. పెళ్ళిబట్టలు ఎర్రబడ్డాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. ముగ్గురూ తుమ్ములే తుమ్ములు. వెతుక్కుంటూ వచ్చిన పిచ్చయ్య ఆ ఘోరం చూసి కారు తలుపు తెరిచాడు. ఒక్కొక్కణ్ణి చొక్కా పట్టి లాగి, తను వచ్చిన ఆటోలో కుక్కాడు.

"మామా, పాపం ఈ డ్రైవరుకు అన్నదమ్ములు లేరా? అన్నీ ఒక్కడే తొక్కుకుంటున్నాడు" అన్నాడు బసవయ్య దారిలో.

"నోరు మూసుకోరా, ముహూర్తం దాటిపోతుంది" అన్నాడు పిచ్చయ్య.

ముహూర్తానికి సరిగ్గా అందుకున్నారు. పెళ్ళికొడుకు మీది మిరప ఘాటుకు పురోహితుడు కూడా మంత్రానికో తుమ్ము తుమ్ముతున్నాడు. అయినా అంతా సవ్యంగానే నడిచింది. శేషారత్నం తలవంచుకుని కూర్చుంది. వీరభద్రుడు తాళి అందుకున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఘడియ.

"బాబూ, మూడు ముళ్ళూ వెయ్యి" అన్నాడు పురోహితుడు.

వీరభద్రుడు శ్రద్ధగా ఒక ముడి వేశాడు. లేచి పక్కకు జరిగి నిలబడ్డాడు. బసవయ్య చేతులు కడుక్కుని ముందుకొచ్చాడు. అతని వెనక చెంచయ్య వరసలో నిలబడ్డాడు.

బాజాలు ఆగిపోయాయి.

శేషారత్నం తలెత్తింది. "ఏమయ్యా, మిగతా రెండు ముళ్ళూ నువ్వే వేస్తావా, వెయ్యవా?"

వీరభద్రుడు నీళ్ళు నిండిన కళ్ళతో తమ్ముళ్ళ వంక చూశాడు. వెయ్యాలనే ఉంది. కానీ తల అడ్డంగా ఊపి అన్నాడు: "నా వంతు వేశానమ్మా. తమ్ముళ్ళ వాటా తినడం మా ఇంటా వంటా లేదు."

"మంచిది" అంది ఆ పిల్ల. ఒక్క ముడే కదా, ఇట్టే ఊడొచ్చింది. తాళి పళ్ళెంలో పెట్టి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె తండ్రి పందిట్లో తోరణాలు పీకించాడు.

ఖాళీ పందిట్లో పీటల మీద ముగ్గురే మిగిలారు. వీరభద్రుడికి ఏడుపొచ్చింది. అతను నోరు తెరవబోతుంటే చెంచయ్య గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగన్నా! అంతా నువ్వే ఏడ్చేస్తే ఎలా?"

నిజమేననిపించింది. సమంగా పంచుకున్నారు. పెద్దాడు వెక్కాడు, నడిమివాడు కన్నీళ్ళు కార్చాడు, చిన్నాడు ముక్కు చీదాడు.