దూకుడయ్య వేసిన దారాలు

తుమ్మెదకోన అనే అడవిలో జింకలు, ఉడుతలు, ఉడుములు, ముళ్లపందులు, లెక్కలేనన్ని పక్షులు ఉండేవి. అడవి మధ్యగా ఒక వాగు పారేది. మామూలుగా ఆ వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండేవి కావు. కానీ కొండ మీద వాన పడిందంటే, కింద ఎండ కాస్తుండగానే వరద వచ్చి పడేది.

అందుకని కొండ కొమ్మున ఒక కొండముచ్చు కాపలా కూర్చునేది. అక్కడి నుంచి వాగు గట్టున ఉన్న ఇళ్లకు నిమ్మళమ్మ అనే సాలీడు దారాలు వేసేది. వరద వస్తోందంటే కొండముచ్చు ఆ దారాలను ఒక్కసారి గట్టిగా లాగేది. గుమ్మంలో దారం బిగుసుకోగానే ఇంట్లోవాళ్లు పిల్లల్ని తీసుకుని మిట్ట ఎక్కేవారు. మిగతా వేళల్లో అదే దారాన్ని చిన్నగా కదిపి కొండముచ్చుతో ఊసులాడుకునేవారు. ఇంటి చుట్టూ ముసిరే దోమలు, ఈగలే నిమ్మళమ్మకు కూలి.

నిమ్మళమ్మతో ఒకటే చిక్కు. ఆమె ప్రతి ఇంటికీ కొండ కొమ్ము నుంచి విడిగా దారం వేసేది. అది ఒక పట్టాన తెమిలే పని కాదు.

గట్టున బొరియలో గౌరక్క అనే ముళ్లపంది ఉండేది. ఆమెకు అప్పుడే ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లకింకా నడక రాలేదు. గౌరక్కకు కాలు ఒకచోట నిలిచేది కాదు. మబ్బు పడితే బయటికి వచ్చేది, పిల్లలు కదిలితే లోపలికి పరుగెత్తేది.

"నిమ్మళమ్మా, మా ఇంటికి దారం ఎప్పుడు వేస్తావు? ఆ కొండ వైపు చూస్తే నాకు ముద్ద దిగడం లేదు" అంది.

"నీకంటే ముందు అడిగినవాళ్లు ఉన్నారు గౌరక్కా. వాళ్లవి అవగానే నీదే" అంది నిమ్మళమ్మ.

సరిగ్గా అప్పుడే ఆ అడవికి దూకుడయ్య అనే కొత్త సాలీడు వచ్చాడు.

"దారం కావాలా? ఈ పూటే వేస్తాను! ఈ వానాకాలమంతా ఒక్క దోమ కూడా ఇవ్వక్కర్లేదు. పక్కింటివాళ్లను కూడా చేర్పించారంటే వచ్చే వానాకాలం కూడా ఉచితం!" అని ఊరేగుతూ చెప్పాడు.

ఇంకేముంది! అడవంతా ఎగబడింది. జింక చేరిందని ఉడుత చేరింది. ఉడుత చేరిందని చిలక చేరింది. చెట్టు మీద ఉండే చిలకకు వరదతో ఏం పనో నాకు తెలియదు. తన గూటికొక్కదానికే దారం లేకపోతే దానికి నిద్ర పట్టలేదంతే. గౌరక్క కూడా మొహమాటపడుతూనే చేరింది.

దూకుడయ్య ఎవరికీ విడిగా దారం వేయలేదు. కొండ నుంచి ఒక్క దారం తెచ్చి జింక ఇంటికి కట్టాడు. జింక దారానికి ఉడుత దారం ముడేశాడు. ఉడుత దారానికి చిలకది, చిలక దారానికి గౌరక్కది. ఒక ఇల్లు చేరినప్పుడల్లా, ఆ దారాలకే ముడేసి వాగు మీద కట్టుకున్న తన గూటికి ఒక గురివింద గింజ అతికించుకునేవాడు. గూడు ఎర్రగా మెరిసిపోతుంటే చూసుకుని మురిసిపోయేవాడు.

"నిమ్మళమ్మవి గుప్పెడు ఇళ్లు. నావి గంపెడు!" అనేవాడు.

నిమ్మళమ్మ ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆమెకు దిగులు వేసింది. ఆకలీ వేసింది. "నేనూ అలాగే ముడేస్తే పోలా?" అనుకుని ఒక ఇంటి దారానికి ఇంకో ఇంటి దారం కట్టి చూసింది. ఒకటి కదిపితే రెండూ ఊగాయి. మనసొప్పక విప్పేసింది. ఉన్న దారాలనే రోజూ తడిమి, సడలినవి బిగించుకుంటూ కూర్చుంది. బండయ్య అనే ఉడుము మాత్రం ఆమెను వదల్లేదు. అతనికి మారడానికి బద్ధకం!

ఇక అడవిలో ఎవరికీ స్థిమితం లేకుండా పోయింది. పొద్దస్తమానం అందరూ దారాలు కదపడమే. జింక మేత మానేసి గుమ్మంలోనే నిలబడేది. ఒకరు కదిపితే అందరి ఇళ్లలోనూ దారం ఆడేది. తమనే పిలుస్తున్నారని అందరూ తిరిగి కదిపేవారు.

గౌరక్క దూకుడయ్య దగ్గరికి వెళ్లింది. "అయ్యా, మా దారం ఆగకుండా వణుకుతోంది. ఎవరు పిలుస్తున్నారో, ఎందుకో తెలియడం లేదు. పిల్లలు గలదాన్ని, భయంగా ఉంది."

"లోపం మీ గుమ్మంలోనే ఉంది. ఒకసారి విప్పి మళ్లీ కట్టు" అన్నాడు దూకుడయ్య.

గౌరక్క విప్పి కట్టింది. దారం వణుకుతూనే ఉంది. మళ్లీ వెళ్లి చెప్పింది.

"అయితే ఇంకోసారి విప్పి కట్టు" అన్నాడు. అలా అంటూనే ఎలుక ఇంటికి కొత్త దారం ముడేస్తున్నాడు. వాడి తలపొగరు చూస్తే ఒళ్లు మండదూ!

ఒక మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. కొండ మీద ఒక్కసారిగా కుండపోత మొదలైంది. కొండముచ్చు అందరి దారాలూ పట్టుకుని బలమంతా పెట్టి లాగింది.

బండయ్య గుమ్మంలో దారం టక్కున బిగుసుకుంది. గౌరక్క గుమ్మంలో మాత్రం ఎప్పటిలాగే వణికింది. కొండముచ్చు లాగిన లాగుడు అన్ని ముడులు దాటి వచ్చేసరికి ఉడుత ఊసులాగే ఉంది.

"ఇది ఎవరి పిలుపు?" అని గౌరక్క దారం వైపే చూస్తూ కూర్చుంది.

బండయ్య పరుగున వచ్చాడు. "వదినా! వరద! పిల్లల్ని తియ్!"

"మా దారం ఏమీ చెప్పలేదే!"

"దారం సంగతి తర్వాత! ముందు పిల్లల్ని ఎత్తు!"

చెరొక పిల్లను నోట కరుచుకుని ఇద్దరూ మిట్టకు పరుగెత్తారు. వెనకాల నీళ్లు బొరియలోకి దూకాయి. పిల్లను దించగానే బండయ్య గట్టు పొడుగునా పరుగెత్తి అరిచాడు. ఆ అరుపులకు మిగతా ఇళ్లవాళ్లూ బయటపడ్డారు.

దూకుడయ్య గూడు ఆ వేళ విపరీతంగా ఊగింది. "చూశారా నా దారాలకు ఎంత గిరాకీయో!" అనుకుని మురిసిపోతూ ఉండగానే వరద వచ్చి మీద పడింది. గూడూ, గింజలూ కొట్టుకుపోయాయి. అతను ఒక ఎండుపుల్ల పట్టుకుని చావు తప్పించుకున్నాడు.

నీళ్లు తీశాక అతను తడిసి ముద్దయి మిట్ట మీదికి వచ్చాడు. గౌరక్క ముళ్లు నిక్కబొడుచుకుని ఎదురు నిలబడింది.

"నీ గింజల్లో నా పిల్లలు ఏ గింజయ్యా?" అని అడిగింది.

దూకుడయ్య వచ్చిన దారినే మిట్ట దిగిపోయాడు. ఆ అడవిలో అతనికి మళ్లీ ఒక్క ఈగ కూడా దక్కలేదు.

అందరూ నిమ్మళమ్మ చుట్టూ చేరారు. "ముందు మాకు" అంటే "ముందు మాకు" అన్నారు.

"ముందు అడిగినవాళ్లకే ముందు" అంది నిమ్మళమ్మ. ఈసారి ఎవరూ సణగలేదు. రోజూ కడుపు నిండా తిని, ఒక్కొక్క ఇంటికే దారం వేసుకుంటూ వచ్చింది.

మిట్ట పక్కన తవ్వుకున్న కొత్త బొరియకు దారం వేసిన రోజున గౌరక్క గుమ్మంలోనే కూర్చుంది. ఎంతసేపు చూసినా దారం కదల్లేదు. ఆమె మళ్లీ లేచి లోపలికీ బయటికీ తిరిగింది.

"నిమ్మళమ్మా, ఇది కదలడం లేదేం?"

"నీకు చెప్పాల్సిన ప్రమాదమేమీ లేదు గనక" అంది నిమ్మళమ్మ.

గౌరక్క పిల్లల్ని పొట్ట దగ్గరికి తీసుకుంది. చాలాకాలానికి కంటి నిండా నిద్రపోయింది.

నీతి: కొత్త ఇళ్ల కోసం పరుగెత్తేవాడు, మాట ఇచ్చిన ఇంటిని మరిచిపోకూడదు.