పాలబీడుకు కట్టు కట్టిన చిన్నరాజు

అనగనగా ఒక రాజు. రాజన్నాక ఏనుగులుంటాయి, గుర్రాలుంటాయి, మేడలుంటాయి. ఈ రాజుకు అవేవీ పట్టవు, ఆవులే ఆవులు. పొద్దున్నే ఆవు మొహం చూడందే పళ్ళు కూడా తోముకోడు. ఆయన పేరు వృషసేనుడు. కోటకు తూర్పున ఆయన వెయ్యి ఆవులూ మేసే బీడు ఒకటుండేది. ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలంటే మూడు రోజులు. అక్కడ మేసిన ఆవు కడవ నిండా పాలిచ్చేది కనుక దాన్ని పాలబీడు అనేవారు.

ఆ బీడును కాచేది నూరు గడపల గొల్లవాళ్ళు. వాళ్ళకొక ఆచారం ఉంది. బీడును ఏడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో కొన్నాళ్ళే మంద మేపేవారు. తర్వాత ఆ భాగం అంచున వేపమండ చుట్టిన కర్ర పాతి, మందను పక్క భాగానికి తోలేవారు. కర్ర పాతారంటే ఇక అది కట్టు. లోపల గడ్డి మళ్ళీ పెరిగి, కంకి వేసి, గింజ రాల్చేదాకా ఏ గిట్టా అందులో పడకూడదు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఒకరోజు రాజుగారి ముద్దుల ఆంబోతు కట్టులోకి పోబోతే ఒక గొల్ల ముసలాయన దాన్ని అదిలించి వెనక్కి తోలాడు. రాజు చూడనే చూశాడు. వద్దనే మాట వింటే రాజులకు ఒళ్ళు మండుతుంది కదా!

"నా ఎద్దును ఆపడానికి వీడెవడు? నా నేల, నా గడ్డి, నా ఆవులు! కర్రలన్నీ పీకి పొయ్యిలో పెట్టండి!" అన్నాడు.

పీకారు. పొయ్యిలో పెట్టారు. ఆ మంట మీదే రాజుగారికి పాయసం వండారు కూడా.

మొదటి ఏడు నడుమెత్తు గడ్డి మోకాలెత్తుకు దిగింది. రెండో ఏడు వేళ్ళు బయటపడ్డాయి. మూడో ఏడు నేల బండలా బిగిసింది. వాన పడితే నీళ్ళు ఇంకవు, ఎర్రగా మట్టిని కోసుకుంటూ వాగులో కలుస్తాయి. ఆవుల డొక్కలు లోపలికి పోయాయి. తప్పు మీదే మహారాజా అని చెప్పే మొనగాడు మాత్రం సభలో ఒక్కడూ లేడు.

ఇలాంటి సమయం కోసమే కాచుకుని కూర్చునే వాళ్ళు కొందరుంటారు. ఏడు సముద్రాల అవతల ఉండే జంబుకాక్షుడనే మాంత్రికుడు గాలిలో ఎగురుకుంటూ వచ్చి సభలో దిగాడు. "రాజా, నీ గడ్డి ప్రాణం నా గుప్పిట్లో ఉంది. పున్నమి పున్నమికీ నూరు ఆవుల్నివ్వు, గడ్డిని వదులుతాను" అన్నాడు.

రాజు ఇచ్చాడు. నెల తిరిగేసరికి గడ్డి కాస్త తలెత్తింది. "ఆహా, ఏం మహిమ!" అని సభంతా చప్పట్లు కొట్టింది. అలా అయిదు పున్నములకు అయిదు వందల ఆవులు పోయాయి. ఆరో పున్నమికి మాంత్రికుడు కొత్త కోరిక కోరాడు. "ఆవులు చాలు. ఆ నూరు గడపల గొల్లవాళ్ళను నాకు బానిసలుగా పంపు. మూడు పున్నములు గడువు. లేదంటే ఉన్న గడ్డీ మాడ్చేస్తాను." రాజు దానికీ తల ఊపాడు!

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, రెండోవాడు వీరసేనుడు, మూడోవాడు నీలకేతుడు. నీలకేతుడు చిన్నప్పటి నుంచీ గొల్లపల్లెలోనే ఎక్కువ తిరిగేవాడు, గొంగడి కప్పుకుని వాళ్ళతోనే అంబలి తాగేవాడు. అన్నలు వాణ్ణి గొంగడి రాజు అని వెక్కిరించేవారు. ఆ పల్లెలో కొమరమ్మ అనే పిల్ల ఉంది. ఆంబోతును తోలిన ముసలాయన మనవరాలు. ఆమె నోటికి పల్లెంతా జంకుతుంది.

"మాయా లేదు, మన్నూ లేదు చినదొరా," అంది కొమరమ్మ. "నూరు ఆవులు పోతే నూరు నోళ్ళు తగ్గినయి. ఆ మాత్రం సందు దొరికితే గడ్డి మొలవదా? కట్టు తప్పొద్దన్నందుకు మమ్మల్ని వాడికి అమ్ముతాడా మీ అయ్య?"

నీలకేతుడికి సిగ్గుతో చెవులు కాలాయి. "నేనుండగా మీలో ఒక్కరు కూడా ఆ సముద్రం దాటరు," అన్నాడు.

మాంత్రికుణ్ణి జయించి పేరు తెచ్చుకుందామని ముందు పెద్దవాడు బయల్దేరాడు. ఒక పున్నమి గడిచింది, కబురు లేదు. రెండోవాడు వెళ్ళాడు. రెండో పున్నమి గడిచింది, కబురు లేదు. అప్పుడు మూడోవాడు గొంగడి భుజాన వేసుకుని బయల్దేరాడు.

దారిలో ఎండకు కాగిన బండమీద వానపాములు గిలగిల కొట్టుకుంటున్నాయి. వాటిని తడిమట్టితో సహా గొంగడి మూటలో వేసుకున్నాడు. ఇంకొంత దూరంలో పేడపురుగులు వెల్లకిలా పడి కాళ్ళాడిస్తున్నాయి. వాటినీ వేసుకున్నాడు. వాగులో చీమలు కొట్టుకుపోతుంటే ఆకు అందించి వాటినీ వేసుకున్నాడు. "రాకుమారా, నీ మేలు మరవం," అన్నాయి అన్నీ. ఏడు సముద్రాలూ ఎలా దాటాడని అడగకండి. దాటాడు, అంతే.

మాంత్రికుడి కోట ముంగిట అన్నలిద్దరూ నల్లరాళ్ళై నిలబడి ఉన్నారు. జంబుకాక్షుడు పకపక నవ్వాడు. "మూడు పనులు చెబుతాను. చేస్తే నీ అన్నల్నీ, గొల్లవాళ్ళనూ వదిలేస్తాను. చేయలేకపోతే నువ్వూ రాయివే. ఇదిగో, ఇసుకలో గడ్డి గింజలు కలిపిన కుప్ప. పొద్దు గుంకేలోగా వేరు చెయ్యి."

చీమలు బారులు తీరాయి. పొద్దు గుంకేసరికి ఇసుక ఇసుకే, గింజ గింజే.

రెండో రోజు మాంత్రికుడు బండలా బిగిసిన తన పెరడు చూపించాడు. "ఇక్కడ నూరు కడవల నీళ్ళు పొయ్యి. ఒక్క చుక్క కూడా గుమ్మం దాటకూడదు." వానపాములు పెరడంతా తొలిచి నేలను గుల్ల చేశాయి. నూరు కడవలూ నేల గటగటా తాగేసింది.

మూడో రోజు తను కాజేసిన అయిదు వందల ఆవులు వేసిన పేడకొండ చూపించాడు. "చేత్తో ముట్టకుండా దీన్ని మాయం చెయ్యి." పేడపురుగులు ఉండలు చుట్టి, దొర్లించి, దొర్లించి, కొండనంతా నేలలో పాతిపెట్టాయి.

నీలకేతుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు. "మూడూ అయ్యాయి. మాట నిలబెట్టుకో!"

"మాటా? ఎవరిచ్చారు? ఎప్పుడిచ్చారు?" అన్నాడు మాంత్రికుడు.

అప్పుడు ఒక చీమ నీలకేతుడి చెవిలోకి పాకింది. "మేం ఏరిన గింజలు వాడు ఏడో గదిలోని చిలుకకు పెడుతున్నాడు. దానికి పొలమారితే వాడికీ పొలమారింది, నేను కళ్ళారా చూశాను," అంది. నీలకేతుడు ఒక్క ఉరుకున ఏడో గదిలోకి పోయి చిలుకను పట్టుకున్నాడు. అక్కడ జంబుకాక్షుడు తన గొంతు పట్టుకున్నాడు.

"చంపకు బాబూ! ఏం కావాలన్నా ఇస్తాను!"

"మా గడ్డి ప్రాణం ఎక్కడ దాచావు?"

"నా దగ్గర లేదు! ఎప్పుడూ లేదు! మీ నాన్న కర్రలు పీకించి బీడును చంపుకున్నాడు. నేను ఆ సందులో నాలుగు ఆవులు దండుకున్నాను, అంతే!"

నాలుగట, నాలుగు! వాడి చేత అన్నల్ని బతికించాడు, అయిదు వందల ఆవుల్నీ ఇప్పించాడు, ఏరిన గింజల మూటా కట్టించుకున్నాడు, వానపాముల్నీ పేడపురుగుల్నీ మళ్ళీ గొంగడిలో వేసుకున్నాడు. తర్వాత చిలుకను చంపలేదు, కిటికీలోంచి ఎగరేశాడు. ఇంకేముంది, దాన్ని ఏ గద్ద తన్నుకుపోతుందో, ఏ పిల్లి నోట పడుతుందోనని జంబుకాక్షుడు దాని వెనకే పరుగు. ఇంకొకరి జోలికి రావడానికి వాడికి తీరికే లేకుండా పోయింది.

కోటలో మేళతాళాలు మోగాయి. రాజు ముగ్గురు కొడుకుల్నీ కావలించుకున్నాడు, కొడుకుల కన్నా ముందు ఆవుల్ని కావలించుకున్నాడు. "మాంత్రికుడి పీడ పోయింది! వెయ్యి ఆవుల్నీ బీట్లోకి తోలండి!" అన్నాడు.

మాంత్రికుడు చెప్పిన సంగతి దారిలో తమ్ముడి నోట పెద్దవాడూ విన్నాడు, రెండోవాడూ విన్నాడు. ఇద్దరూ నేల చూపులు చూశారు. రాళ్ళై ఉన్నప్పుడే కాస్త నయంగా ఉన్నారు.

నీలకేతుడు పరుగెత్తి బీడు మొగదల కర్ర పాతాడు. దాని ముందు చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. "తోలనివ్వను," అన్నాడు.

"ఏమన్నావు?"

"తోలనివ్వను నాన్నగారూ. గడ్డిని మాంత్రికుడు చంపలేదు, మీరు చంపారు. ఇప్పుడు వెయ్యి ఆవుల్నీ విచ్చలవిడిగా వదిలితే నేలే మిగలదు. తోలాలంటే ముందు నా మీంచి తోలండి."

కొమరమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె వెనక ముసలాయన, ఆయన వెనక నూరు గడపల జనం వచ్చి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ కర్రలే.

రాజు మొహం కందగడ్డలా అయింది. "ఒక్క వానాకాలం ఇస్తున్నాను. ఈలోగా బీడు పచ్చబడకపోతే నువ్వూ, నీ నూరు గడపలూ రాజ్యం విడిచి పోవాలి!"

"పచ్చబడితే?" అంది కొమరమ్మ.

రాజు గిరుక్కున తిరిగి కోటకు పోయాడు. ఆయన్ను అలా ఎదురు ప్రశ్న అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

బీడును మళ్ళీ ఏడు భాగాలు చేశారు. గింజలు చల్లారు. వెయ్యి ఆవుల్నీ ఒకే గుంపుగా ఒక భాగంలో ఒక్క రోజు నిలిపి, మర్నాడు పక్క భాగానికి తోలి, వదిలిన భాగానికి కట్టు వేశారు. గిట్టలు పెచ్చుకట్టిన నేలను చిదిపాయి. పేడ పడింది. పేడపురుగులు దాన్ని లోపలికి లాగాయి, వానపాములు నేలను గుల్ల చేశాయి. ఏడూ తిరిగాక ఆవుల్ని బీడు బయటే ఉంచారు. మేత చాలకపోతే గొల్లవాళ్ళు అడవికి పోయి ఆకు కోసుకొచ్చి వేశారు, తాము పస్తులుండి కూడా వేశారు. రాజభటులు మూడుసార్లు కర్రలు పీకడానికి వచ్చారు. మూడుసార్లూ కొమరమ్మ నోటికి భయపడి వెనక్కి పోయారు.

తొలి వాన చాలావరకు జారిపోయింది. రెండో వాన సగం ఇంకింది. మూడో వానకు ఎర్రనీళ్ళు ఆగిపోయాయి.

వానాకాలం చివర రాజు గుర్రమెక్కి, వాళ్ళను వెళ్ళగొట్టడానికే వచ్చాడు. గడ్డి గుర్రం కడుపుకు తగిలింది. ఆయన దిగి పిడికెడు మట్టి తీశాడు. మెత్తగా, నల్లగా, తేమగా ఉంది, అందులో వానపాము కదులుతోంది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"నాయనా, అడ్డం చెప్పేవాళ్ళంతా శత్రువులనుకున్నాను. అవునన్నవాళ్ళే నన్ను ముంచారు," అన్నాడు. ఆ మాట పెద్ద గొంతుతో, అందరూ వినేలా అన్నాడు. ముసలాయన చెయ్యి పట్టుకుని మన్నించమన్నాడు. కిరీటం తీసి చిన్నకొడుకు నెత్తిన పెట్టాడు.

నీలకేతుడికీ కొమరమ్మకూ పెళ్ళి కుదిరింది. వరుడు ఏనుగెక్కి, బాజాభజంత్రీలతో గొల్లపల్లెకు బయల్దేరాడు. దగ్గరిదారి పాలబీడు మీదుగానే. ముహూర్తం మించిపోతోందని పురోహితుడు ఒకటే తొందరపెడుతున్నాడు. బీడు అంచుకు వచ్చేసరికి పసుపుచీర కట్టుకుని, బాసికం కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పెళ్ళికూతురే!

"ఇటు కట్టు పడింది. గడ్డి ఇంకా గింజ రాల్చలేదు," అంది కొమరమ్మ.

"అమ్మా, ఆయన మహారాజు!" అన్నాడు పురోహితుడు.

"అయితే?"

కొత్తరాజు ఏనుగు మీద నుంచి ఆమెను చూశాడు, గడ్డిని చూశాడు. తర్వాత బుద్ధిగా ఏనుగును వెనక్కి తిప్పించి, బీడంతా చుట్టి వచ్చాడు. ముహూర్తం దాటిపోయింది. దాటినా ఆ పెళ్ళి అరవై ఏళ్ళు నిలిచింది, ఆ రాజ్యమూ నిలిచింది. ఆ అరవై ఏళ్ళలో రాజును ఆపాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆపుతూనే ఉన్నారు, ఆయన ఆగుతూనే ఉన్నాడు.