నెల మాంసం ఒక్కసారే

ఎర్రగుట్ట కింద ఒక గొర్రెలదొడ్డి ఉండేది. దాని పెద్దరికం ముసలి ఎద్దు సింగన్నది. పక్కనే మిట్ట మీద ఏడు కుక్కలు కాపురముండేవి. అవి పచ్చిమాంసం తప్ప వేరేది ముట్టేవి కావు. దొడ్డికి కాపలా కాయడం వాటి వంతు. వయసు మీరి తనంతట తాను కన్నుమూసిన జీవాన్ని వాటికివ్వడం దొడ్డి వంతు. అంటే కాపలా ఇచ్చి మాంసం కొనుక్కునేవన్నమాట.

ఆ ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. సింగన్న తనే మిట్టకు వచ్చి, పోయినదాని పేరు చెప్పేవాడు. "ఇది మా మల్లి. పది ఈతలు ఈనింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు" అనేవాడు. అందాకా కుక్కలు తల వంచుకుని నిలబడేవి. పేరు విన్నాకే నోరు పెట్టేవి. కుర్రకుక్కలకు అదంతా ముసలాడి చాదస్తంగా ఉండేది.

ఆ ఎండాకాలం దొడ్డిలో ఒక్క చావూ లేదు. గొర్రెలకది అదృష్టమే. కుక్కలకు మాత్రం ఇరవై రోజులుగా తొండలూ ఎలుకలే దిక్కయ్యాయి. చుక్కి అనే కుక్క అప్పుడే నాలుగు పిల్లల్ని పెట్టి ఉంది. దానికి పాలు ఎండిపోయాయి. పిల్లలు చప్పరించి చప్పరించి, ఏడ్చే ఓపిక కూడా లేక పడుకునేవి. చుక్కి వాటి ఎండిన డొక్కలు నాకుతూ కూర్చునేది.

సరిగ్గా అప్పుడు గుట్ట దిగి వచ్చాడు నక్క తిప్పయ్య. వచ్చీ రాగానే పిల్లల వంక చూసి నిట్టూర్చాడు.

"ఎంత కష్టమొచ్చిందమ్మా చుక్కమ్మా! ఒక్కోటి ఎప్పుడు చస్తుందా అని కాచుక్కూర్చోవడం ఏం బతుకు? నెల మాంసం ఒక్కసారే తీసేసుకోండి. చల్లటి గుహలో పెట్టుకుని మెల్లగా తినొచ్చు. సింగన్నతో నేను మాట్లాడాను."

కుక్కల పెద్ద కాటయ్య చెవులు నిక్కించాడు. "మరి ధర?"

"ధరేముంది మావా! మూడు పొద్దులు తూర్పు కంచె వైపు రాకండి, చాలు. గొర్రెలు ఈనుతున్నాయి, మీ వాసనకు బెదురుతున్నాయట. మోసినందుకు నాకు కాస్త కార్జం పడేయండి."

మర్నాడు పొద్దున్నే మోదుగాకుల్లో చుట్టిన మూటలు దిగాయి. తల లేదు, గిట్టలు లేవు, అన్నీ ముక్కలే. కాటయ్య గబగబా ఒక మూట విప్పాడు.

"ఆగు మావా," అంది చుక్కి. "ఇవి ఎవరు, తిప్పయ్యా?"

నక్క నవ్వాడు. "మూటల్లెక్కన వచ్చినదానికి పేర్లేంటమ్మా? ముసలివే, చాలా ఉన్నాయి. నువ్వు పేర్లడుగుతూ కూర్చో, అక్కడ నీ పిల్లలు పోతాయి."

చుక్కి పిల్లల వైపు చూసింది. మళ్లీ అడగలేదు. అడగాలనిపించింది, కానీ అడగలేదు. కడుపునిండా తింది. పొద్దు వాలేసరికి పాలు చేపుకొచ్చాయి, పిల్లలు తాగి తాగి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి. ఆ సంతోషంలో అది ఇంకేమీ ఆలోచించలేదు.

మూడోరోజు ఇంకో మూట విప్పితే, ఆకుల మధ్య ఒక చెవి కనిపించింది. తెల్లటి చెవి, అంచున నల్లటి మచ్చ. అది దొడ్డిలోని గొర్రె గంగి చెవి. గంగి ముసలిది కాదు. తొలిచూలు ఈని పట్టుమని పది రోజులు కాలేదు. కిందటి వారమే కంచెకు అటు అది, ఇటు చుక్కి కూర్చుని పిల్లల కబుర్లు చెప్పుకున్నాయి.

చుక్కి పరుగున దొడ్డికి పోయింది. సింగన్న తూర్పు కంచె దగ్గర కూలబడి ఉన్నాడు. కంచెలో నక్కలు దూరేంత కంత ఉంది.

"తొమ్మిది పోయాయే," అన్నాడు ఎద్దు. "మీరు కాపలా ఉన్నారు కదా, గుట్ట మీద మేతకు పోయి తప్పిపోయాయేమో, వస్తాయనుకున్నా."

చుక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తిన్నానని కూడా చెప్పింది.

సింగన్న కంత వైపు చూశాడు. "మా దొడ్డిలో చావు ఒక్కొక్కటిగానే వస్తుంది కదే చుక్కమ్మా. నెల మాంసం ఒక్కసారే ఎక్కణ్నుంచి వస్తుందనుకున్నారు?" అన్నాడు.

చుక్కి నేరుగా మిట్టకు పోయి జరిగిందంతా కాటయ్యకు చెప్పింది.

తర్వాత తిప్పయ్యకు కబురు పెట్టింది: "మాంసం బాగుంది. ఇంకో నెలది కూడా తెచ్చిపెట్టు. మేం ఆ వైపు రాము." తిప్పయ్య మురిసిపోయాడు. తెల్లవారుతుండగా కంతలోంచి లోపలికి దూరాడు. గొర్రెల మధ్య నక్కి పడుకున్న ఏడు కుక్కలూ ఒక్కసారిగా లేచాయి. వెనక్కి తిరిగితే, సింగన్న కొమ్ములు దించి కంతకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నన్నొక్కణ్నే అంటారేం?" అని అరిచాడు తిప్పయ్య. "నేను చంపాను, మీరు తినలేదూ?"

"తిన్నాం," అంది చుక్కి. "అందుకే నిన్ను వదలం."

తిప్పయ్య ఆ కంత దాటి బయటికి పోలేదు.

గొడవ సద్దుమణిగాక, మూలన గంగి పిల్ల సన్నగా అరవడం వినిపించింది. మూడురోజులుగా దానికి పాలు లేవు. చుక్కి దాని పక్కకు వెళ్లి పడుకుంది. పిల్ల కాసేపు వాసన చూసింది, తడబడింది, ఆకలికి ఆగలేక నోరు పెట్టింది. తోక ఆడిస్తూ గుటగుటా తాగింది. ఆ పాలు ఎవరి ఒంట్లోంచి వచ్చినవో చుక్కికి తెలుసు. అది మొహం అటు తిప్పుకుని, పిల్ల కడుపు నిండేదాకా కదలకుండా పడుకుంది.

నీతి: ముందు పెట్టిన మాంసం ఎవరిదని అడగని నోరు, చంపిన నోటికి తోడు పోయినట్టే.