తాళి కట్టాక చెబుతాను

ఏడు రాజ్యాలు ఒక్క కూటమిగా బతుకుతున్న కాలంలో, వాటిలో ఒకటైన కొలనువీడును రణధవళుడనే రాజు ఏలుతుండేవాడు. తనంత తెలివైనవాడు లేడని ఆయన నమ్మకం. ఒకనాడు "ఇకమీదట కూటమితో మనకు పొత్తు లేదు" అని చాటించి, విడిపోయే షరతులు మాట్లాడి రమ్మని మిగతా రాజుల దగ్గరకు దూతలను పంపాడు.

నెలలు గడిచాయి. ఏం మాట్లాడుకుంటున్నారో సభలో ఎవరికీ తెలియదు. జనం గుబులుగా ఉన్నారు. సరిహద్దు ఏటికి అవతలి ఒడ్డు ఇక పరాయి దేశం కాబోతోంది.

రేవుపాలెం పెద్ద ఎర్రపోతు సభలో లేచాడు. "ప్రభూ, మా ఆడపిల్లల్లో సగంమందిని అవతలి ఒడ్డునే ఇచ్చాం. నా కూతురూ అక్కడే ఉంది, చూలాలు. ముందుముందు పడవలు తిరుగుతాయా, తిరగవా?"

"బేరం నడుస్తుండగా గుట్టు బయటపెడతామా? ఒప్పందం మీద ముద్ర పడ్డాక చూద్దురుగాని. నన్ను నమ్మండి."

"ముద్ర పడ్డాక చూసి ఏం చేస్తాం ప్రభూ?"

"నా మీదే అనుమానమా!" అని రాజు గద్దించాడు.

ఎర్రపోతు తలవంచుకుని కూర్చున్నాడు.

ఆ ఆస్థానంలో సోమయామాత్యుడనే చమత్కారి ఉన్నాడు. రాజకుమార్తెకు సంబంధం వెతికే పని రాజు ఆయనకే అప్పగించాడు. మరునాడు ఆయన నిండు సభలోకి వచ్చి, "శుభవార్త ప్రభూ! అమ్మాయిగారికి సంబంధం కుదురుతోంది" అన్నాడు.

రాజు ముఖం వికసించింది. "ఎవరా వరుడు?"

"ఇప్పుడు చెప్పకూడదు ప్రభూ. మాటలు ఇంకా నడుస్తున్నాయి."

"ఏ దేశంవాడో అదైనా చెప్పు."

"తాళి కట్టాక చూద్దురుగాని."

"కుర్రవాడా, ముసలివాడా?"

"నన్ను నమ్మండి ప్రభూ."

రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "ఏమిటీ పొగరు! అది నా కన్నకూతురు! దాని బతుకు ఎవరి చేతిలో పెడుతున్నావో నాకు తెలియనక్కర్లేదా?"

సోమయామాత్యుడు చేతులు కట్టుకున్నాడు. "తెలియాలి ప్రభూ. నేనింకా ఎవరికీ మాటివ్వలేదు. కానీ ఎర్రపోతుదీ కన్నకూతురే."

రాజు సోమయామాత్యుడి దగ్గరకు నడిచాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. మెడలోని హారం తీసి సోమయామాత్యుడి మెడలో వేసి, దూతలు రాసి పంపిన షరతులన్నీ సభలో చదివించమన్నాడు.

చదివారు. పడవలు పూర్తిగా ఆగిపోతాయని అందులో ఉంది. ఆ మాట రాజు కూడా అప్పుడే విన్నాడు. దూతలను నమ్మి, ఆయనా చదవలేదు.

ముద్ర వేయకుండా దూతలను మళ్లీ పరుగు పెట్టించారు. అప్పటికే అవతలివాళ్లు బిగుసుకుని కూర్చున్నారు. ఎంత బతిమాలినా పురిటికి వెళ్లే ఆడవాళ్ల కోసం నెలకొక్క పడవకే ఒప్పుకున్నారు.

కొత్త షరతులు సభ ముందుకొచ్చాయి. రాజు ఎర్రపోతు వైపు చూశాడు.

"ఇది మంచి ఒప్పందం కాదు ప్రభూ," అన్నాడు ఎర్రపోతు. "అయినా చూసి ఒప్పుకుంటున్నాం."

సభలో అందరూ ఒక్కొక్కరుగా చేతులెత్తారు. రాజు ముద్ర వేశాడు.

మొదటి పడవలో ఎర్రపోతు కూతురు పుట్టింటికి వచ్చింది. ఆమె భర్త అవతలి రేవులోనే ఆగిపోయాడు.